విజ్జేశ్వరం నుంచి నరసాపురం దాకా కాలవ దారిలో

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి, బ్యారేజీ దాటి విజ్జేశ్వరం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. కార్తీకం వెళ్లిన రోజులు. చేలల్లో సార్వా కోతలు సాగుతున్నాయి. కాలవలో మాత్రం నీళ్లు నిండుగా ఉన్నాయి. గోదావరి నీళ్లు పశ్చిమ డెల్టాకు మళ్లేది ఇక్కడే. ఆ నీళ్లతోపాటు నరసాపురం దాకా వెళ్లాలని నా కోరిక. ఒకప్పుడు జనం రోజూ తిరిగిన దారే ఇది. ఇప్పుడు ప్రయాణికుల పడవలు లేవు. అందుకని ఇంజను పడవ దొరికినంత మేర అందులో వెళ్లాను. వంతెనలు మరీ కిందికి ఉన్నచోట, గుర్రపుడెక్క అల్లుకుపోయినచోట దిగి గట్టు పట్టాను.

ఈ కాలవల వెనక పెద్ద దుఃఖం ఉంది. 1832-33లో వచ్చిన నందన కరువు ఈ సీమను ఊళ్లకు ఊళ్లుగా ఖాళీ చేసింది. పక్కనే గోదావరి నిండుగా సముద్రంలోకి పోతుంటే, గట్టు మీద మనుషులు తిండిలేక చచ్చిపోయారు. ఆ తర్వాత ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో గోదావరి మీద ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో ముగించాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని లంకల మధ్య నాలుగు ముక్కలుగా కట్టిన ఆనకట్ట అది. ఓవర్‌సీరు వీణం వీరన్న ఆయనకు కుడిభుజంగా నిలిచాడు. ఇప్పుడు మనం చూసే బ్యారేజీని 1970లో మొదలుపెట్టి 1982లో పూర్తిచేశారు.

కాటన్ కాలవలు తవ్వించింది చేల కోసమే కాదు, పడవల కోసం కూడా. సరుకు మోయడానికి రైలుకన్నా నీటిదారే చవకని ఆయన జీవితాంతం వాదించాడు. అందుకే కాలవల మీద లాకులు కట్టించాడు. అవి ఎలా పనిచేసేవో పడవ నడిపిన పెద్దాయన చెప్పాడు. ఆయన చిన్నతనంలో తండ్రితో కలిసి గూటిపడవ మీద తిరిగాడట. "పడవ లాకులోకి రాగానే ఎగువ తలుపులు మూసేసేవోరండి. తూము ఎత్తితే నీళ్లు దిగువకి పోయేవి, పడవ మెల్లగా కిందకి దిగేది. తర్వాత దిగువ తలుపులు తీసేవోరు. లోపల పడుకున్నోళ్లకి నిద్ర కూడా చెడేది కాదు బాబూ" అన్నాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ. అదీ సాగకపోతే మనుషులు గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగేవారు. ధాన్యం, కొబ్బరికాయలు, ఉప్పు, పెళ్లివారు, చదువుకోబోయే పిల్లలు, అందరూ ఆ పడవల్లోనే.

నిడదవోలులో ఆగాను. రుద్రమదేవి భర్త వీరభద్రుడు ఇక్కడి చాళుక్య వంశం వాడే. తెలుగు పాఠకులకు ఈ ఊరు ఇంకో విధంగా కూడా దగ్గర. మొక్కపాటి నరసింహశాస్త్రి 1924లో వెలువరించిన 'బారిస్టర్ పార్వతీశం'లో, మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరిన కుర్రవాడు నరసాపురం మీదుగా నీటిదారినే నిడదవోలు వచ్చి రైలెక్కుతాడు. అప్పటికి ఆ దిగువ ఊళ్లకు రైలు రాలేదు. లోకం చూడాలంటే ముందు కాలవ దాటాలి.

వాసవీ కన్యకాపరమేశ్వరి ఊరు పెనుగొండ చూసుకుని మార్టేరు చేరాను. ఇక్కడి వరి పరిశోధనా కేంద్రాన్ని 1925లో స్థాపించారు. ఎంటీయూ 7029, అంటే మన స్వర్ణ రకం, 1982లో ఇక్కణ్నుంచే విడుదలైంది. తర్వాత ఒడిశా, బెంగాల్ దాకా, బంగ్లాదేశ్ దాకా పాకింది. ఈ కాలవ నీళ్లలో పుట్టిన గింజ ఎన్ని లక్షల ఇళ్లలో అన్నమైందో తలుచుకుంటే నాకు గర్వంగా అనిపించింది.

మార్టేరు నుంచి పాలకొల్లు దాకా రోడ్డూ కాలవా పక్కపక్కనే నడుస్తాయి. కొబ్బరిచెట్ల మీదుగా క్షీరారామ గోపురం కనిపించగానే ఊరు వచ్చినట్టే. తొమ్మిది అంతస్తుల ఆ గోపురం పంచారామాల్లో ఒకటైన ఈ గుడికి దూరం నుంచే దారి చూపిస్తుంది. 17వ శతాబ్దంలో డచ్చి వర్తకులు పాలకొల్లులో స్థావరం పెట్టి బట్టలు కొన్నారు. 1824 ఒడంబడికతో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. ఇక్కడే చనిపోయిన డచ్చివాళ్ల సమాధులు మిగిలాయి. కాలవలు పుట్టకముందే ఈ ఊరికి సముద్రం అవతల పేరుందన్నమాట.

చివరి మజిలీ నరసాపురం. 17వ శతాబ్దంలో బంగాళాఖాతం ఊళ్లు తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు, ఇక్కడ ఓడలు కట్టే పనివాళ్ల నేర్పును మెచ్చుకుంటూ రాశాడు. పక్కనున్న మాధవాయపాలెం పేరు 'మడపొల్లం' అనే నూలుబట్టకు పేరై యూరప్ దాకా వెళ్లింది. ఆ మగ్గాలు ఆగిపోయాక ఆడవాళ్ల చేతి లేసు ఈ ఊరి పేరు నిలబెట్టింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వాళ్ల కష్టం మీద 1982లో ఒక పుస్తకమే ప్రచురించింది. అరుగుల మీద కూర్చుని సూదితో అల్లే ఆ తల్లులకు దక్కేది అప్పుడూ తక్కువే అని ఆమె చూపించింది. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కూలి కూడా ఆ గుర్తింపుకు తగ్గట్టు పెరగాలి.

దారి పొడవునా నన్ను బాధపెట్టింది ఒకటే. ఊరు దగ్గరపడేకొద్దీ కాలవలో ప్లాస్టిక్ సంచులు, మురుగు. తాతలు రేవులో స్నానం చేసి సంధ్యవార్చిన నీళ్లలో మనం చెత్త పోస్తున్నాం. పడవల మాటకొస్తే, గోదావరి డెల్టాలోని కాకినాడ కాలవను, ఏలూరు కాలవను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ఆ మాట కాగితం దాటి రావాలి. లాకులు బాగుచేసి, గుర్రపుడెక్క తీయించి, ముందు ఒక్క కాలవ మీదైనా ప్రయాణికుల పడవ నడిపితే ఈ ఊళ్ల చరిత్ర మన పిల్లల కళ్లకు తెలుస్తుంది. అది ప్రభుత్వం పని. కాలవలో చెత్త వెయ్యకపోవడం మాత్రం మన పని. అది ఈరోజే మొదలుపెట్టండి.