రోలు మేడెక్కింది

మా కోడలికీ నాకూ రెండు రోజులపాటు మాటలు పొడిపొడిగానే సాగాయి. కారణం రోలు. సికింద్రాబాదు పద్మారావునగర్‌లో మా వంటిల్లు బాగుచేయిస్తూ, "ఈ రోలు మేడ మీద పెట్టిద్దామా అత్తయ్యా?" అందా పిల్ల. నలభై ఏళ్లుగా నేను నూరిన రోలు! దాంతోపాటు నన్నూ మేడెక్కిస్తున్నట్టే అనిపించింది. పైకి మాత్రం "మీ ఇష్టం" అన్నాను. ఆ మాటకి అసలర్థం అత్తగార్లందరికీ తెలిసిందే!

మూడోనాటి రాత్రి ఒంటిగంటకి మంచినీళ్లకని లేస్తే, కోడలింకా కంప్యూటరు ముందే కూచునుంది. మొహం చూస్తే జాలేసింది.

"ఏమిటమ్మా అంత అవస్థ?"

"గుర్తు కలవట్లేదత్తయ్యా!"

సంగతేమిటంటే, డబ్బు పంపమనే సందేశాన్ని దారిలో ఎవరూ మార్చలేదని తెలియడానికి, రహస్యపు తాళంచెవి కలిపి ఒక గుర్తు తయారుచేస్తారట. పేరు హెచ్‌మ్యాక్. మిహిర్ బెల్లారే, రాన్ కానెట్టి, హ్యూగో క్రాచిక్ అనే ముగ్గురు 1996లో రూపొందించారట. నాకు మా నాన్నగారి ఇన్సూర్డు పార్సెళ్లు జ్ఞాపకం వచ్చాయి. లక్క ఏ కొట్లోనైనా దొరుకుతుంది. ముద్ర మాత్రం ఆయన పెట్టెలోనే ఉండేది.

"ఆ గుర్తు వేసే పాత ఫంక్షన్లు కొన్నిటిని 2021లో, ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ 3.0 వచ్చినప్పుడు, ఇక వాడొద్దన్నారు. ఈవీపీ మ్యాక్ అనే కొత్త దారిలోకి మార్చాలి."

"ఏం, పాతవి చెడిపోయాయా?" నేనడిగింది రోలు గురించే!

"లేదత్తయ్యా, ఇప్పటికీ పనిచేస్తాయి. కానీ ఎప్పటికైనా తీసేస్తారు. లెక్క అదే, తాళంచెవి అదే, పిలిచే పద్ధతే వేరు. అన్నిటికీ ఒకటే గుమ్మం ఉంటే బాగుచేసుకోవడం తేలిక. అందుకని పాతదానికీ కొత్తదానికీ ఒకే సందేశమిచ్చి చూస్తాం. మేం వాడే షా-256లో 64 అక్షరాల గుర్తొస్తుంది. ఒక్క అక్షరం తేడా వచ్చినా అవతలివాళ్లు దొంగ సందేశమని తోసేస్తారు."

"రెండింట్లోనూ దినుసులు ఒకటే వేశావా?" నాకు తెలిసింది వంటభాషే కదా!

పిల్ల ఒక్క క్షణం ఆగింది. వెతికింది. కొత్తదానికిచ్చిన సందేశం చివర కంటికి కనపడని ఖాళీ అక్షరం ఒకటి ఎక్కువ పడిందట! తీసెయ్యగానే రెండూ కలిశాయి.

మర్నాడు మోండా మార్కెట్టు నుంచి గోంగూర తెప్పించాను. మిక్సీలో వేసి, తిప్పుతూ ఆపుతూ, బరకగా ఉంచాను. దినుసులు నావే, పాళ్లూ నావే. కోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మావాడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "రోట్లో నూరావా అమ్మా?" అన్నాడు.

కోడలు నా వైపు తిరిగి, "కలిసిందత్తయ్యా!" అంది.

ఆ సాయంత్రమే రోలు మేడెక్కింది. నేను మాత్రం వంటింట్లోనే ఉన్నాను.