కిందికి దిగేదెవరు?

మా నాయన పాలేరు. చీరాలకి ఆమడ దూరంలో మా ఊరు. ఆసామి గొడ్లకి మేత, ఆసామి చేలకి ఎరువు, ఆసామి వడ్లకి బండి, అన్నీ ఆయన చేతి మీదే. బస్తాలు ఎత్తేటప్పుడు నాయన కళ్ళు బస్తాల మీద ఉండేవి కావు, ఇరుసు మీద ఉండేవి. ముందు బరువెక్కితే కాడి ఎద్దుల మెడల మీద పడి పుళ్ళవుతాయి. వెనక బరువెక్కితే కాడి పైకి లేచి పలుపు గొంతుకి బిగుస్తుంది. ఒక బస్తాని జానెడు ఇటు జరిపి, కాడిని ఒంటిచేత్తో ఎత్తి చూసి, "సరిపోయింది" అనేవాడు. ఆ లెక్క ఆయన ఏ బళ్ళోనూ చదవలేదు. బళ్ళోకి రానిచ్చిందెవరు గనక!

1985 జూలైలో కారంచేడులో మా మాదిగల్ని వేటాడి చంపారు. ఆ ఏడే నాయన పాలేరుతనం మానేశాడు. "ఇంక ఆళ్ళ బరువు నేను లాగను" అన్నాడు.

నేను లాగుతున్నాను. కాకపోతే కాలిఫోర్నియాలో. నర్సుగా వచ్చిన మా అక్క కాగితాలు పెడితే, ఏళ్ళకేళ్ళు ఎదురుచూసి ఇక్కడికొచ్చి లారీ ఎక్కాను.

ఇక్కడ పెద్ద లారీకి సరుకుతో కలిపి 80,000 పౌండ్లు హద్దు. మొత్తం సరిపోతే చాలదు. లాగే బండి వెనక జంట ఇరుసుల మీద 34,000, ట్రైలర్ జంట ఇరుసుల మీద 34,000 దాటకూడదు. దాటితే జరిమానా. అందుకే ట్రైలర్ కింద చక్రాల జంట మొత్తం జరిగేటట్టు కట్టారు. పొడుగునా బెజ్జాలు, ఆ బెజ్జాల్లో నాలుగు పిన్నులు. ట్రైలర్ బ్రేకు బిగించి, లివర్ లాగి పిన్నులు ఊడదీసి లారీని కదిపితే చక్రాలు కదలవు, పైనున్న పెట్టె జరుగుతుంది. లారీని వెనక్కి నడిపితే చక్రాలు పెట్టె కింద ముందుకొచ్చినట్టు. అప్పుడు లారీ ఇరుసుల మీద బరువు తగ్గి ట్రైలర్ ఇరుసుల మీదికి పోతుంది. ముందుకి నడిపితే దానికి తలకిందులు. మా ట్రైలర్‌కి ఆరంగుళాలకో బెజ్జం. బెజ్జానికి సుమారు 400 పౌండ్లు మారుతుంది.

నేర్చుకున్న రోజున నాకు నవ్వొచ్చింది. మా నాయన బస్తాని జానెడు జరపడమే కదా ఇది! నేర్పింది ఒక పంజాబీ పెద్దాయన, రవిదాసియా. ఆయన తాతలదీ తోలు పనే. నా కులం చెప్పగానే తన గ్లాసులో టీ సగం నా గ్లాసులో వంచాడు.

2023లో ఇద్దరు వంతులేసుకుని నడిపే లారీ ఎక్కాను. రెండో అతను తెలుగువాడే, నాకన్నా పదేళ్ళు చిన్న. మొదటి వారం "అన్నా, అన్నా" అని వదిలేవాడు కాదు. వాళ్ళావిడ పెట్టిన గోంగూర పచ్చడి నా కంచంలో వేశాడు. రెండో వారం అడిగాడు, "అన్నా, మీది ఊళ్ళో ఏ బజారు?" అని. చెప్పేశాను. దాచుకుని బతికే వయసు దాటిపోయింది నాకు.

ఆ పూట నుంచి పచ్చడి సీసా అతని పడక కిందికి పోయింది. "అన్నా" పోయి "ఏమోయ్" వచ్చింది. తుప్పు, గ్రీజు, ట్రైలర్ ఊడ్చడం, చక్రాలు జరపడం, కిందికి దిగే పనల్లా నాదయింది. ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో మాత్రం ఎవరు చెప్పారు?

ఆ సెప్టెంబరులో ఫ్రెస్నో నగరం కులవివక్షని నిషేధించింది. రాష్ట్రమంతటికీ అలాంటి బిల్లుని శాసనసభ ఒప్పుకుంటే అక్టోబరులో గవర్నర్ వీటో చేశాడు. ఆ వార్త విని, "పీడా పోయింది. ఇక్కడ కులం ఎక్కడుందోయ్?" అన్నాడు. నేను చేతికి తొడుగులు వేసుకుంటున్నాను.

ఆ రాత్రే ఫ్రెస్నో దగ్గర బాదంపప్పు ఎత్తుకుని కాటా ఎక్కాం. ముందు ఇరుసు 11,900, లారీ జంట 35,300, ట్రైలర్ జంట 31,600. మొత్తం 78,800 అని చీటీ వచ్చింది. మొత్తం బాగానే ఉంది, లారీ జంట మీద 1,300 ఎక్కువ. నాలుగు బెజ్జాలు జరపాలి. పిన్నులు తుప్పు పట్టి బెజ్జాల అంచులకి బిగుసుకున్నాయి. అలాంటప్పుడు ఒకరు లివర్ లాగుతుంటే ఇంకొకరు లారీని కొద్దికొద్దిగా ఊపాలి. అతను స్టీరింగు దగ్గర. నేను కింద. లాగి లాగి పిన్నులు ఊడదీశాను. లివర్‌ని గాడిలో నిలబెట్టి, టార్చి పట్టుకుని బెజ్జాలు లెక్కపెడుతున్నాను. నాలుగో బెజ్జం రాగానే "ఆపు, ఆపు" అని అరిచాను. అద్దం ఎత్తుకుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. పెట్టె ఆగలేదు. లివర్‌ని గాడిలోంచి తప్పించబోతే అది తన్ని నా మణికట్టు మీద కొట్టింది. పిన్నులు ఎనిమిదో బెజ్జంలో పడ్డాయి.

దిగొచ్చాడు. నా చెయ్యి చూడలేదు, బెజ్జాలు చూశాడు. "చూసుకోవద్దా? మీవాళ్ళకి అలవాటైన పనేగా" అన్నాడు.

"తాళాలు ఇటియ్యి తమ్ముడూ" అన్నాను. "లెక్కప్రకారం ట్రైలర్ మీద ఇప్పుడు 800 ఎక్కువ. నాలుగు బెజ్జాలు వెనక్కి పోవాలి. ఈసారి లివర్ నువ్వు లాగు."

"నాకలవాటు లేదు."

"నేను పుట్టుకతో తెచ్చుకున్నానా?"

పావుగంట నిలబడ్డాడు. నేనూ నిలబడ్డాను. మణికట్టు ఉబ్బుతోంది. సరుకు పొద్దుటికి చేరాలి. చివరికి తొడుగులు తీసుకున్నాడు. నాలుగేళ్ళ లైసెన్సు, లివర్ ఎలా పట్టాలో తెలియదు. చూపించాను. మొహం ఎక్కడ పెట్టకూడదో, చెయ్యి ఎప్పుడు తీసెయ్యాలో చెప్పాను. అద్దం దించుకుని, అతని కేకకి చెవి పెట్టి, మెల్లగా ముందుకి నడిపాను. కేక వినగానే ఆపాను. నాలుగు పిన్నులూ పడ్డాయో లేదో టార్చి వేసి చూపించాను. పడకపోతే గట్టిగా బ్రేకు వేసినరోజు చక్రాలొక చోట, పెట్టె ఒక చోట. ట్రైలర్ బ్రేకు బిగించే ఉంచి లారీని కొంచెం గుంజి చూశాను. కదల్లేదు.

మళ్ళీ కాటా. లారీ జంట 33,700, ట్రైలర్ జంట 33,200.

"సరిపోయింది" అన్నాను. నా నోట మా నాయన మాట వచ్చింది.

అతను మారాడని నేను చెప్పను. పచ్చడి సీసా బయటికి రాలేదు. ఆ సరుకు దించాక, నాతో పడదని ఆఫీసులో చెప్పి వేరే లారీకి పోయాడు. పోనీ. నా మణికట్టు చలికాలంలో ఇప్పటికీ గుంజుతుంది.

ఇక్కడ కులం ఎక్కడుందని అడిగేవాళ్ళు ఇంకా అడుగుతూనే ఉన్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. లారీ ఆగినప్పుడు కిందికి దిగేది ఎవరో చూడండి.