వత్తి తప్పా, నూనె తప్పా?

మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా ముందు వచ్చే ప్రశ్న "ఎవరిది?" అని. మావారి ఫోను ఆగిపోతే ఆ సాయంత్రానికే షాపుకి వెళ్తుంది. అత్తయ్యగారి కళ్ళజోడు విరిగితే మర్నాటికల్లా కొత్తది వస్తుంది. నా లాప్‌టాప్ తెర మిణుకుమిణుకుమంటూ మూడు వారాలైనా "చూద్దాంలే" దగ్గరే ఆగింది.

అది నాకోసం కొన్నది కాదులెండి. అమ్మాయి ఉద్యోగంలో చేరి కొత్తది కొనుక్కున్నాక, పాతది నాకు వదిలేసి వెళ్ళింది. మీరు చదివే ఈ కబుర్లన్నీ దాని మీద రాసినవే. ఇంకో సంగతి కూడా ఉంది. అమ్మ పోయాక ఆవిడ పాటల పుస్తకం నా చేతికొచ్చింది. మంగళహారతులు, అప్పగింతల పాటలు, లాలిపాటలు... కాగితాలు పొడి అయిపోతుంటే రోజుకొకటి చొప్పున టైపు చేస్తున్నాను. 112 పాటలయ్యాయి. ఇంకెక్కడా దాచలేదు. నా బుద్ధితక్కువే.

ఒకరోజు పొద్దున తెరిచేసరికి తెర పూర్తిగా మసకేసింది. గుండె గుభేలుమంది. షాపులో అబ్బాయి రెండుసార్లు తెరిచి మూసి, "స్క్రీన్ పోయింది మేడమ్, 6,500 అవుతుంది. ఇంత పాతదానికి దండగ" అనేశాడు. మావారు ఆ మాటే పట్టుకున్నారు.

సాయంత్రం దీపం పెడుతుంటే అనిపించింది. దీపం కొండెక్కబోతుంటే ప్రమిద పారేస్తామా? ముందు నూనె చూస్తాం, తర్వాత వత్తి ఎగదోస్తాం. మరి దీనికెందుకు అలా చూడలేదు?

అమ్మాయికి ఫోన్ చేశాను. "ముందు బ్రైట్‌నెస్ పెంచమ్మా, చార్జర్ పెట్టి చూడు. బ్యాటరీ తగ్గితే అదే వెలుగు తగ్గించుకుంటుంది" అంది. రెండూ చేశాను. మార్పు లేదు.

"గదిలో లైటు ఆపి, టార్చి ఏటవాలుగా తెర మీద వెయ్యి" అంది. వేశాను. నీళ్ళ అడుగున రాసినట్టు సన్నగా అక్షరాలు కనిపించాయి! ఆ తెరకు సొంత వెలుగు ఉండదట. బొమ్మ ముందు పొరలో ఏర్పడితే, వెనక ఉండే చిన్న ఎల్‌ఈడీ దీపాలు దాన్ని వెలిగించి చూపిస్తాయట. అంటే బొమ్మ వస్తోంది, వెనక దీపమే వెలగడం లేదు.

తర్వాత సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎంఐ తీగ ఊడదీసి లాప్‌టాప్‌కి పెట్టాను. టార్చి వెలుగులో చూసుకుంటూ, విండోస్ గుర్తున్న మీట, పీ కలిపి నొక్కి "డూప్లికేట్" ఎంచుకున్నాను. టీవీ నిండా తళతళలాడుతూ అమ్మ పాటలు! సీరియల్ ఆగిందని కోప్పడబోయిన అత్తయ్య, "ఇది మీ అమ్మ పాడే హారతి కదే" అంటూ దగ్గరికొచ్చి కూర్చున్నారు. ముందు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అమ్మాయికి మెయిల్ కూడా చేశాకే ఊపిరి పీల్చుకున్నాను. టీవీలో కూడా మిణుకుమంటే తప్పు తెరది కాకుండా లోపల ఇంకెక్కడో ఉండేదట.

చివరికి మూత నెమ్మదిగా కదిపి చూశాను. సగం తెరిస్తే వెలుగొస్తోంది, ఇంకాస్త వెనక్కి వాలిస్తే పోతోంది. తెరకు వెళ్ళే సన్నటి తీగ మడతబందు పక్కనుంచే పోతుందట. రోజూ తెరిచి మూసే చోటే అది నలిగిందన్నమాట.

ఇంతవరకే నా పని. విప్పే పని మాత్రం పెట్టుకోలేదు, మీరూ పెట్టుకోకండి. ఇంకో షాపుకి తీసుకెళ్ళి, "బాబూ, టీవీకి పెడితే బాగుంది, మూత వాలిస్తే వెలుగు పోతోంది. ముందు తీగ చూడు" అన్నాను. అతను నావంక ఓసారి చూసి, మారుమాట్లాడకుండా విప్పాడు. బందు దగ్గర తీగ తోలు లేచిపోయి ఉంది. కొత్తది తెప్పించడానికి నాలుగు రోజులు, మొత్తం 1,200 రూపాయలు.

ఇంటికొచ్చి మావారికి చూపిస్తే, "నాకు ముందే గట్టిగా చెప్పొచ్చుగా" అన్నారు. కోపం వచ్చింది కానీ, ఆలోచిస్తే మొదటిరోజు ఆయన "ఏమైంది?" అని అడిగినప్పుడు "ఏం లేదు, చూద్దాంలెండి" అన్నది నేనే. నా వస్తువు కదా, ఆగుతుందిలే అని నేనే అనుకున్నాను. ఆగడం వాళ్ళకి నేర్పింది కూడా నేనేనేమో!

రాత్రి వంటిల్లు సర్దుకుని 113వ పాటకి కూర్చున్నాను. అమ్మ పుస్తకంలో రెండో చరణం చెరిగిపోయింది. అత్తయ్యని అడిగితే పాడి వినిపించారు.