ఎవరేసిండ్రు?

మా అబ్బా పెయింటర్. సాయంత్రం ఇంటికొస్తుంటే ఆయనకంటే ముందు తిన్నర్ వాసన గడప దాటేది. చిన్నప్పుడు నాకది ఖుష్బూ. "ఖుష్బూ కాదు బేటీ, జహర్" అనేవాడు. లప్పం పెట్టీ, ఎనామిల్ కొట్టీ ముప్ఫై ఏళ్ళకు ఆయనకు మిగిలింది దగ్గు. అదంతా రంగుల వల్లేనని కసమ్ తిని చెప్పలేను. సున్నం దుమ్ముంది, బీడీ ఉంది. కానీ మూసిన గదుల్లో ఎనామిల్ కొట్టిన రోజు రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు.

2013లో నేను హైటెక్ సిటీ వైపు ఒక కంపెనీలో అడ్మిన్ నౌకరీ చేస్తున్నా. మావాళ్ళు కొత్త బిల్డింగులో రెండంతస్తులు కిరాయికి తీసుకున్నారు. లీడ్ సర్టిఫికెట్ కావాలన్నారు. గ్రీన్ బిల్డింగ్ అంటే నాకు తెలిసింది కొండాపూర్ వైపున్న సీఐఐ వాళ్ళ గ్రీన్ బిజినెస్ సెంటరే. 2003లో దానికి లీడ్ ప్లాటినం వచ్చింది, అమెరికా బయట అదే మొదటిది. మరుసటేడు కలామ్ సాబ్ వచ్చి ప్రారంభించారు. అయితే అది సొంతిల్లు. మాది కిరాయిల్లు. గోడా, అద్దాలూ, పైనున్న ఏసీ ప్లాంటూ అన్నీ మాలిక్‌వే. మన చేతిలో ఉండేది లోపలి దునియా మాత్రమే. అందుకే కిరాయిదార్లకు కమర్షియల్ ఇంటీరియర్స్ అని వేరే హిసాబ్ పెట్టారు. మొత్తం 110 పాయింట్లు. 40 వస్తే సర్టిఫైడ్, 50కి సిల్వర్, 60కి గోల్డ్, 80కి ప్లాటినం. లైట్లు ఎంత కరెంటు తాగుతాయి, నల్లాల్లో ఎన్ని నీళ్ళు పోతాయి, బస్‌స్టాప్ ఎంత దూరం, అన్నీ అడుగుతారు. మా లెక్క సరిగ్గా 60 దగ్గర నిలిచింది.

అందులో ఒకటి రంగుల పాయింట్. రంగు ఆరేటప్పుడు గాల్లో కలిసే రసాయనాలు, వాటినే వీఓసీ అంటారు, అప్పటి లెక్కలో మెరుపులేని గోడ రంగులో లీటరుకు 50 గ్రాములు దాటకూడదు, మెరుపు రంగులో 150.

ఒక సాయంత్రం సైట్‌కు వెళ్ళా. ప్యాంట్రీ దగ్గరికి రాగానే కాళ్ళు ఆగిపోయాయి. మా ఇంటి గడప వాసన! లోపల ముగ్గురు పిల్లగాళ్ళు మూతులకు దస్తీలు కట్టుకుని ఎనామిల్ కొడుతున్నారు. కాంట్రాక్టర్‌ను అడిగితే "ఆ రంగు అయిపోయింది మేడమ్, చిన్న రూమే కదా. బిల్లులన్నీ మంచి డబ్బాలవే పెడతాం" అన్నాడు. గలత్ ఏం చెప్పలేదు. సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు వచ్చి గోడ వాసన చూడరు, కాగితాలు చూస్తారు. ఆ కాగితం మీద దస్తఖత్ నాది.

బాస్‌కు చెప్పా. "గోల్డ్ పోతే క్లయింట్‌కు ఏం చెప్తావు? పెట్టేయ్" అన్నాడు.

రాత్రి అబ్బాకు చెప్తే దస్తఖత్ సంగతి అడగనే లేదు. "ఆ పోరలు కిటికీలు తీసుకున్నరా?" అన్నాడు.

"అద్దాల బిల్డింగ్ అబ్బా, కిటికీలు తెరుచుకోవు."

ఇంకేం మాట్లాడలేదు. దగ్గుకుంటూ పడుకున్నాడు.

తెల్లారి దస్తఖత్ పెట్టనని మెయిల్ రాశా. రెండ్రోజులు తిట్లు తిన్నా. చివరికి ప్యాంట్రీ జిప్సం బోర్డులు విప్పి కొత్తవి బిగించి, మళ్ళీ రంగేశారు. ఆ నష్టం కాంట్రాక్టర్ ఎక్కడ రాబట్టాడో తర్వాత సూపర్‌వైజర్ చెప్పాడు. ఆ ముగ్గురి మజ్దూరీలో. ఇమాన్‌దారీ నాది, ఖర్చు వాళ్ళది. ఎవరినీ అడగలేకపోయా, నౌకరీ భయం.

మేం కూర్చునే ముందు ఆఫీసును గాలితో కడిగారు. చదరపు అడుగుకు 14,000 ఘనపుటడుగుల బయటి గాలి. దానికీ ఒక పాయింటుంది. అప్పటికి ఆ పిల్లగాళ్ళు సామాను సర్దుకుని ఇంకో సైట్‌కు పోయారు. తక్కువ వీఓసీ రంగు వాళ్ళకూ మేలే, కాదనను. కానీ ఆ హిసాబంతా కూర్చునేవాళ్ళ ఊపిరి గురించి రాసింది.

గోల్డ్ వచ్చింది. ఒక ఆదివారం అబ్బాను తీసుకెళ్ళా. రిసెప్షన్‌లో ఉన్న ఫలకం వైపు ఆయన చూడలేదు. ప్యాంట్రీలోకి పోయి, గోడకు ముక్కు ఆనించి, అరచేత్తో నిమిరాడు.

"సాఫ్‌గా ఏసిండ్రు. ఎవరేసిండ్రు?" అన్నాడు.

నాకు ఒక్కరి పేరూ తెలీదు.