అద్దెకిచ్చిన ఇల్లు

2022 ఏప్రిల్ 4న పాడేరు జిల్లా కేంద్రం అయింది. అంతకుముందు పాడేరంటే ఐటీడీఏ ఆఫీసు, ఆస్పత్రి, సంత, మోదకొండమ్మ గుడి. ఒక్కసారిగా కలెక్టరేటు వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది, ఒక్కో శాఖకూ ఒక జిల్లా అధికారి వచ్చారు. వాళ్ల వెనక గుమాస్తాలు, డ్రైవర్లు, టిఫిన్ హోటళ్లు, జిరాక్సు షాపులు. అప్పట్నించి మా వీధిలో ఎవరు కనిపించినా అడిగే మాట ఒక్కటే: "ఇల్లేమైనా ఖాళీ ఉందా మాస్టారూ?"

అప్పటికి మా ఇల్లు ఖాళీ లేదు. మేమిద్దరం ఉపాధ్యాయులం. జీతంలో మిగిల్చిందీ, ఊళ్లో కాఫీ తోట మీద వచ్చిందీ కలిపి పదేళ్లపాటు కొంచెం కొంచెంగా కట్టుకున్న మూడు గదుల స్లాబు ఇల్లు అది. పెరట్లో పనసచెట్టు. తర్వాత బదిలీల్లో ఇద్దరికీ మా ఊరి దగ్గరే బడులు వచ్చాయి. నాన్న మంచం పట్టాడు. ఊళ్లో పెంకుటింటికి వెళ్లిపోయాం. పాడేరు ఇంటికి తాళం వేసి రెండు నెలలకి వెళ్లి చూస్తే వానలకి గోడలు చెమ్మ పట్టాయి, బియ్యం డబ్బా వెనక ఎలక పిల్లల్ని పెట్టింది. మన్యంలో పొయ్యి వెలగని ఇల్లు నిలవదు. అద్దెకిద్దాం అనుకున్నాం.

నాన్నకి చెబితే, "ఇంట్లో ఉండమని చెప్పి డబ్బులు పుచ్చుకుంటారా?" అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. మా ఊరికి పొద్దుపోయి ఎవరొచ్చినా అరుగు మీద చాప, చెంబుడు సోడి అంబలి ఇచ్చి పడుకోమన్న మనిషి ఆయన.

మొదట వచ్చింది ఒక వ్యాపారి. మైదానం నుంచి వచ్చి పదిహేనేళ్లుగా ఇక్కడ షాపు నడుపుతున్నాడు. ముందుగది గోడ కొట్టి షట్టరు పెడతానన్నాడు. నెలకి పదిహేను వేలు, అడ్వాన్సు రెండు లక్షలు. పదేళ్ల లీజు. "కాగితం మీ పేరునే ఉంటది, లైసెన్సు మీ పేరునే, కరెంటు మీ పేరునే. మీకేం భయం మాస్టారూ" అన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదే మాకు భయం వేసింది.

ఎందుకంటే ఈ కథ మా చిన్నాన్న ఇంట్లో చూశాం. మెయిన్ రోడ్డు మీద ఇల్లు. మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ముందుగది ఒక బట్టల షాపుకిచ్చారు. చెల్లి పెళ్లికి షాపాయన దగ్గరే అప్పు తీసుకున్నారు. అప్పు కింద అద్దె చెల్లు అయిపోయింది. తర్వాత పిన్ని ఆపరేషన్‌కి ఇంకో అప్పు, దానికి రెండో గది. మేం టీటీసీ పూర్తి చేసి వచ్చేసరికి ఆ స్థలంలో మేడ లేచింది. ఇంటిపన్ను రసీదు ఇప్పటికీ చిన్నాన్న పేరునే వస్తుంది. చిన్నాన్న కుటుంబం మాత్రం వెనక రేకుల షెడ్డులో ఉంటుంది. ఎవరూ కర్ర పట్టుకుని రాలేదు, ఎవరూ వెళ్లగొట్టలేదు. కేసు వేశారు, వాయిదాలు నడుస్తున్నాయి.

భూబదలాయింపు అంటే అమ్మడం, కొనడం అనే మన పిల్లలు అనుకుంటారు. 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌లో ఆ మాటకి అర్థం చెప్పినచోట అమ్మకంతో పాటు తాకట్టు, లీజు, దానం, మార్పిడి కూడా ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన 1/70 సవరణ దీన్ని ఇంకా బిగించింది. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని ఎవరు బదలాయించినా, ఇచ్చేది గిరిజనుడైనా గిరిజనేతరుడైనా, పుచ్చుకునేది గిరిజనుడో, అచ్చంగా గిరిజనులతో ఏర్పడిన సహకార సంఘమో అయితేనే చెల్లుతుంది. గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఆస్తి, అతను వేరేగా రుజువు చేసుకునేదాకా, గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం అనుకుంటుంది. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో కొట్టేసినవి కూడా లీజులే. మన బొర్రా పక్క ఊళ్లలో ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకిచ్చిన గనుల లీజులు. ప్రభుత్వానికే చెల్లని లీజు మా ముందుగదికి చెల్లుతుందా? ఆ తీర్పు గురించి సభల్లో గట్టిగా మాట్లాడతాం. అదే మాట ఇంటి షట్టరు దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. పదిహేను వేలు తక్కువ డబ్బు కాదు మరి.

వ్యాపారికి కుదరదని చెప్పేశాం. తర్వాత ఒక ఉద్యోగి వచ్చారు. శ్రీకాకుళం వైపు నుంచి బదిలీ మీద వచ్చారు, చంటిపిల్లతో. ఆయనకి కాదని చెప్పడం చాలా కష్టమైంది. "అందరూ ఇస్తున్నారు కదండీ" అన్నారు. నిజమే, ఇస్తున్నారు. వాళ్లని మేం తప్పుపట్టడం లేదు. జిల్లా పెట్టిన ప్రభుత్వం ఉద్యోగులకి క్వార్టర్లు కట్టకుండా మన ఇళ్ల మీదకి పంపితే, ఆ భారం చట్టం మీదా మన మొహమాటం మీదా పడుతుంది.

చివరికి ముంచింగిపుట్టు వైపు నుంచి ఒక తండ్రి వచ్చాడు, కూతుర్ని వెంటబెట్టుకుని. డిగ్రీ అయిపోయింది, ఇంకో ముగ్గురు ఆడపిల్లలతో కలిసి గది తీసుకుని డీఎస్సీకి చదువుతుందట. గుమ్మం బయటే నిలబడి, ఇల్లు చూడకముందే, అద్దెంతో అడగకముందే అన్నాడు: "మేం పోర్జోళ్లం బాబూ. ఇస్తారా?"

మాకు విశాఖ గుర్తొచ్చింది. ఉద్యోగం రాకముందు అక్కడ గది కోసం తిరిగిన రోజులు. టూలెట్ బోర్డు చూసి తలుపు కొడితే మొదటి ప్రశ్న "మీరేవిట్లు?" ఏజెన్సీ అని చెప్పగానే బోర్డు ఉన్నా గది ఉండేది కాదు, "మా చుట్టాలొస్తున్నారు" అనేవారు. ఒకచోట గది ఇచ్చి, ఎండుచేప వాసన వచ్చిందని నెల తిరక్కుండా ఖాళీ చేయించారు. అది మైదానం. కానీ ఈ తండ్రి భయపడింది మైదానం వాళ్లకి కాదు, మాకు. ఏజెన్సీలో మనలో మనకే మెట్లున్నాయి. ఎవరి ఇంట్లో ఎవరు నీళ్లు తాగరో పెద్దవాళ్లకి ఇప్పటికీ లెక్కలున్నాయి. మా పక్కింటి అత్త కూడా ఆ సాయంత్రమే, "ఎవరూ దొరకనట్టు వాళ్లకిచ్చారా?" అంది. "మన పిల్లలే కదత్తా" అన్నాం. ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు.

ఒక్కొక్కరికీ వెయ్యి చొప్పున నెలకి నాలుగు వేలు అనుకున్నాం. మనవాళ్ల మధ్య కాగితం ఎందుకన్నారు కొందరు. మనవాళ్ల మధ్యనే కాగితం ఉండాలని మా ఉద్దేశం. పదకొండు నెలల ఒప్పందం తెలుగులో రాశాం. ఆ రోజు మీటరు రీడింగు, ఉన్న ఫ్యాన్లు, బల్బులు, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, వేరేవాళ్లకి మళ్లీ అద్దెకివ్వకూడదు. నలుగురు పిల్లలూ చదివి సంతకం పెట్టారు, ఒక కాపీ వాళ్లకిచ్చాం. డబ్బు పుచ్చుకున్నప్పుడల్లా రసీదు రాస్తాం. ఏం వండుకోవాలన్నది కాగితంలో లేదు.

నెలనెలా అద్దె అన్నది మాత్రం నిలవలేదు. మన ఊళ్లలో నెలజీతం ఎక్కడుంది? కాఫీ పళ్లు దిగి, మిరియాలు ఎండి, సంతలో అమ్మితేనే చేతికి డబ్బు. ఇద్దరి తండ్రులు సంక్రాంతి తర్వాత ఒకేసారి కడతామన్నారు. సరేనని వాళ్లిద్దరి వంతూ అలాగే రాసుకున్నాం. ఒకాయన అద్దెతో పాటు సోలెడు మిరియాలు తెచ్చాడు. వాటికి రసీదు రాయలేదు.

మా ఇంటి తలుపు మేమే కొట్టి, లోపల్నుంచి ఎవరో తీసేదాకా నిలబడడం మొదట్లో వింతగా ఉండేది. గోడ నిండా కాగితాలు అతికించారు: మనోవిజ్ఞానశాస్త్రం, రాజ్యాంగ అధికరణలు, గణిత సూత్రాలు. జిగురుకి సున్నం లేచిపోతోంది, అయినా ఏమీ అనలేదు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబర్ 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మేం ఉద్యోగాల్లోకి వచ్చిన దారి ఈ పిల్లలకి లేదు. మైదానంలో కోచింగు తీసుకున్నవాళ్లతో కూడా పోటీ పడాలి. నెలకోసారి వెళ్లినప్పుడు బోధనా పద్ధతుల మీద ఒక గంట చెబుతాం. అది ఒప్పందంలో లేదు, పనసచెట్టూ లేదు. కాయలు ఎవరివని పిల్లలు అడిగారు. కోసుకోండి, గింజలు మాత్రం మా నాన్నకి ఉంచండి అన్నాం.

వచ్చే నెల పదకొండు నెలలూ పూర్తవుతాయి. ఒకమ్మాయి ఇంటర్లో చేరే తమ్ముణ్ణి కూడా తెచ్చుకోవచ్చా అని అడుగుతోంది. ముగ్గురు ఆడపిల్లల మధ్య మగపిల్లాడంటే మిగతావాళ్ల తల్లిదండ్రుల్ని అడగాలి. వెనక గది విడిగా తలుపు పెట్టి ఇవ్వొచ్చా అని మేస్త్రీని పిలిచాం. పన్నెండు వేలవుతుందన్నాడు. మేస్త్రీతో మాట్లాడి బయటికొచ్చేసరికి ఎదురింటి ముందుగోడ కొడుతున్నారు. షట్టరు రేకు ఆటోలో వచ్చి ఉంది. వ్యాపారి మమ్మల్ని చూసి నమస్కారం పెట్టాడు.