ఎముకల లెక్క

ముట్లుడగడం ఆడవాళ్ళ సొంత గోడు అని తోసివేయడం మన అభ్యుదయవాదులకు కూడా అలవాటే. అందులో ఎంత ఆర్థికశాస్త్రం వుందో చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎముక రాయి కాదు. పాత ఎముకను కరిగించే కణాలూ, కొత్త ఎముకను కట్టే కణాలూ అందులో నిత్యం పనిచేస్తుంటాయి. కరిగించే కణాలను అదుపులో వుంచేది ఈస్ట్రోజెన్. అండాశయాలు పని మానగానే ఆ అదుపు సడలి, కట్టుబడి కంటే కూల్చివేత ఎక్కువవుతుంది. 1940 ప్రాంతంలోనే అమెరికా వైద్యుడు ఫుల్లర్ ఆల్‌బ్రైట్ ఈ సంబంధాన్ని గుర్తించాడు.

శాస్త్రం చెప్పినదాన్ని వర్తకం ఏం చేసింది? 1966లో రాబర్ట్ విల్సన్ అనే వైద్యుడు ‘ఫెమినిన్ ఫరెవర్’ అనే పుస్తకం రాసి, వయసు మళ్ళిన స్త్రీలందరినీ రోగులను చేసి, హార్మోనును యౌవనం పేరుతో అమ్మజూపాడు. అతని సంస్థకు మందుల కంపెనీల సొమ్ము అందిందని తర్వాత బయటపడింది. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి కాన్సరు పెరుగుతుందని 1975లో తేలింది. 2002లో, 16,608 మంది అమెరికా స్త్రీలపై ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపి పరీక్షిస్తున్న ప్రయోగాన్ని మధ్యలోనే ఆపారు. ఏడాదికి పదివేల మందిలో తుంటి విరగడాలు 5 తగ్గాయి. రొమ్ము కాన్సర్లు 8 పెరిగాయి.

అయితే హార్మోనే దోషి అందామా? 2004లో వెలువడిన మరో ప్రయోగం చూడండి. 60 నుంచి 80 ఏళ్ళ స్త్రీలకు రోజుకు 14 మైక్రోగ్రాముల ఈస్ట్రడయాల్ ఇచ్చే పట్టీ అంటించారు. మామూలుగా వాడే పట్టీ 50 మైక్రోగ్రాములది. రక్తంలో హార్మోను మిల్లీలీటరుకు 4.8 నుంచి 8.5 పైకోగ్రాములకు మాత్రమే పెరిగింది. రెండేళ్ళలో వెన్నెముక సాంద్రత 2.6 శాతం హెచ్చింది. మందులేని పట్టీ వాళ్ళకు 0.6 శాతం. విరగడం తగ్గుతుందని ఇది రుజువు చేయలేదు. కాని ఎముకకు చిటికెడు కూడా పనికొస్తుందని చూపింది. కంపెనీలు అమ్మిన యౌవనం దానికి అక్కర్లేదు.

మన దగ్గర కథ తలకిందులు. అక్కడ అక్కర్లేనివారికి అమ్మారు. ఇక్కడ వున్నదాన్నే కోసి పారేస్తున్నారు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. గర్భసంచితో అండాశయాలు కూడా పోతే, ఏళ్ళ తరబడి జరగవలసిన మార్పు ఒక్క పూటలో జరిగిపోతుంది.

మా అక్క కూలికి పోయే మనిషి. 34వ ఏట తెల్లబట్ట అవుతోందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోతే, కాన్సరని భయపెట్టి గర్భసంచీ, రెండు అండాశయాలూ తీశారు. నొప్పిబిళ్ళలిచ్చి పంపారు. 49వ ఏట పొలంగట్టు మీద జారితే మణికట్టు విరిగింది. “సంచి తీస్తామన్నారు గాని, ఎముకల మాట ఎవరు చెప్పారు తమ్ముడూ?” అంది. అంత చిన్న వయసులో అండాశయాలు పోయినవారికి, వేరే ఆటంకం లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా హార్మోను ఇవ్వడం నేడు వైద్యులు ఒప్పుకున్న పద్ధతి. ఆ పద్ధతి కూలివాడల దాకా రాలేదు.

ఎవరికి, ఎంత, ఎన్నాళ్ళు? ఈ మూడు ప్రశ్నలకు శాస్త్రం జవాబు చెప్పగలదు. చెప్పనివ్వనిది లాభం. కనుక “అండాశయాలు ఎందుకు తీస్తున్నారు? తీశాక ఎముకలకు ఏం చేస్తారు?” అని కత్తి పట్టకముందే అడిగే ధైర్యాన్ని వాడవాడలా కలిగించడం, ఆ జవాబు సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా దొరికేటట్టు పోరాడడం చదువుకున్న మన బాధ్యత.