బిళ్ళగన్నేరు ఆకు, సీసాలోని మందు

బిళ్ళగన్నేరును మన ఊళ్లలో పనిగట్టుకుని నాటేవాళ్లు తక్కువ. గోడ పగుళ్లలో, బావి గట్టున దానంతటదే మొలుస్తుంది. ఏడాది పొడుగునా పూస్తుంది. ఆకు చేదు కాబట్టి మేకలు కూడా ముట్టవు. పుట్టింది మడగాస్కర్‌లోనైనా ఇక్కడి మొక్కే అన్నంతగా కలిసిపోయింది. షుగరుకి దాని ఆకు నమిలే అలవాటూ అలాగే ఇంటింటికీ పాకింది.

ఒక జిల్లా కేంద్రంలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టరుగారి దగ్గరికి చెప్పు కరిచిన కాలి పుండుతో ఒక పెద్దాయన వచ్చాడు. పుండు ఎంతకీ మానడం లేదు. పరగడుపున చూస్తే షుగరు మూడు వందలు దాటి ఉంది. మాత్రలు వేసుకుంటున్నానని కొడుకు ముందు గట్టిగా చెప్పాడు. కొడుకు బయటికెళ్లాక గొంతు తగ్గించి, మాత్రలు మానేసి రోజూ పొద్దున్నే బిళ్ళగన్నేరు ఆకులు నములుతున్నానన్నాడు. "మందు మందే కదండీ, చెట్టుదైతేనేం, సీసాదైతేనేం?"

డాక్టరుగారు ఆయన్ని కసురుకోలేదు. ఆ నమ్మకం గాలిలోంచి పుట్టింది కాదని ఆయనకు తెలుసు. తాజా ఆకుల రసం కుందేళ్ల రక్తంలో చక్కెరను తగ్గించిందని విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2003లో ప్రచురించారు. అయితే కుందేలుకు పనిచేసిన రసం మనిషికి ఎంత ఇవ్వాలో, ఎన్నాళ్లు ఇస్తే క్షేమమో ఆ ప్రయోగం చెప్పదు. పెద్దాయన మళ్లీ మాత్రలు మొదలుపెట్టాడు. రోజూ డ్రెస్సింగ్ చేయించుకున్నాక పుండు మెల్లగా ఆరింది.

ఈ షుగరు నమ్మకమే ఒకప్పుడు ప్రపంచానికి గొప్ప మందును ఇచ్చింది. 1952లో క్లార్క్ నోబుల్ అనే కెనడా వైద్యుడికి జమైకా నుంచి ఆయన రోగి ఒకరు కవరులో ఈ ఆకులు పంపారు. అక్కడి జనం షుగరుకి వాటిని కాచుకుని తాగేవారు. క్లార్క్ వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న తమ్ముడు రాబర్ట్‌కు ఇచ్చాడు. ఆకుల సారాన్ని ఎలుకలకు నోటి ద్వారా పట్టిస్తే షుగరులో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. ఆ సారాన్ని ఇంజెక్షన్‌గా ఇస్తే మాత్రం ఎలుకలు ఇన్‌ఫెక్షన్లతో చనిపోయాయి. చూస్తే వాటి రక్తంలో తెల్ల కణాలు పడిపోయి ఉన్నాయి, ఎముకల్లో మూలుగ దెబ్బతింది. తెల్ల కణాలను ఇంతగా అణచే పదార్థం, అవి అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్‌లో అక్కరకు రావాలి కదా! రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్‌తో కలిసి రాబర్ట్ నోబుల్ విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశాడు. అదే మొక్క మీద విడిగా పనిచేస్తున్న ఎలి లిల్లీ కంపెనీ వింక్రిస్టిన్‌ను బయటికి తీసింది. 1963లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కు మిగతా మందులతో కలిపి నేటికీ దాన్నే వాడుతున్నారు.

ఆ జబ్బుతోనే నగరంలో చికిత్స పొందుతున్న ఒక పిల్లవాణ్ణి, మధ్యలో మలబద్ధకం వస్తే తల్లి ఈ డాక్టరుగారికే చూపించింది. ఆయన పొట్ట నొక్కి చూసి, బాబును మడమల మీద నడవమన్నాడు. వాడు రెండడుగులు వేసి తూలాడు, పాదాల ముందు భాగం పైకి లేవడం లేదు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో పక్కకు లాగే సన్నని గొట్టాలు అందులో ఏర్పడతాయి. వింక్రిస్టిన్ వాటిని కట్టుకోనివ్వదు, అందుకే క్యాన్సర్ కణం చస్తుంది. నరాల్లో సరుకు చేరవేసేవీ అలాంటి గొట్టాలే. అందుకే పాదాల దాకా సాగే పొడవాటి నరాలకు ముందు దెబ్బ తగులుతుంది. పేగుల నరాలు మందగిస్తే మలబద్ధకం వస్తుంది.

మాటల్లో తల్లి అసలు సంగతి చెప్పింది. బాబుకు ఎక్కించే మందు బిళ్ళగన్నేరుదేనని ఎవరో చెప్పారట, ఆకులు కాచి పట్టిస్తోంది. డాక్టరుగారి గుండె గతుక్కుమంది. ఒక గ్రాము వింక్రిస్టిన్ తీయాలంటే వందల కిలోల ఎండాకులు కావాలి. ఒక విడతకు ఇచ్చే మోతాదు మామూలుగా 2 మిల్లీగ్రాములు దాటదు. బిడ్డ ఎత్తూ బరువూ చూసి లెక్కకట్టి, దాన్ని నరంలోకే ఎక్కిస్తారు. పొరపాటున వెన్నులోకి ఇస్తే ప్రాణమే పోతుంది. ఆ మొక్కలో వందకు పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి. గిన్నెలో కాగిన నీళ్లలోకి ఏది ఎంత దిగిందో ఎవరూ చెప్పలేరు. "అమ్మా, నీ తప్పేం లేదు. కానీ కషాయం ఇవాళే ఆపెయ్. నగరంలో డాక్టర్లకు ఈ మాట దాచకుండా చెప్పు" అన్నాడాయన. కాళ్ల సంగతీ కషాయం సంగతీ తనే చీటీ మీద రాసి, అప్పటికప్పుడు ఆ ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

ఆకులు నమిలేవాళ్లలో చాలామంది తిడతారన్న భయంతోనే దాస్తారు. ఇప్పుడు డాక్టరుగారు, వచ్చింది షుగరు రోగి అయినా, బీపీ రోగి అయినా, మాత్రల పేర్లు అడిగిన స్వరంతోనే ఏ ఆకు, రోజుకెన్ని, ఎప్పటినుంచి అని అడిగి కేసు షీటులో మాత్రల పక్కనే రాసుకుంటున్నాడు.